మడుగు కుళ్లు

గణపతిరావు గాజుగొట్టం నోట్లో పెట్టుకుని, ఊళ్లోని రైతు గాసి పశువులశాల గోడ మీద వాలిన దోమను ఒక్క పీల్పుతో గొట్టంలోకి లాగాడు. మధ్యలో గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. పేడ కంపూ, రెక్కల పొడీ మాత్రం వస్తాయి. పద్దెనిమిదేళ్లుగా అరకు కొండల్లో ఆయన పొద్దున్నే మొదట మింగేది అదే. కాఫీ ఆ తర్వాత. రోత ఉద్యోగం.

మలేరియా ఆఫీసుకు దోమల్నీ, నీళ్లలోని దోమపిల్లల్నీ పట్టి ఇవ్వడం ఆయన పని. శాల వెనక మడుగులో దోమపిల్లలు వాటంతటవే చచ్చి, తెల్లగా ఉబ్బి, చీములా తేలేవి. మూడేళ్లుగా వాటిని ఏరి పారేసి, బతికినవాటిని శుభ్రంగా కడిగి పట్టుకెళ్లాడు. పై ఆఫీసరుకు కుళ్లు సరుకు ఎవరిస్తారు?

పోయిన వారం విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరుగారు ఆ మాట విని తల పట్టుకున్నారు. ఆయనకు కావలసింది చచ్చినవే. వాటిని చంపుతున్న సూక్ష్మజీవి దొరికితే, దాన్నే పెంచి మడుగుల్లో చల్లవచ్చునట. ఆ మూడేళ్లలో ఈ ఊళ్లో ఏడుగురు పిల్లలు చలిజ్వరంతో పోయారు. గాసి కూతురు రత్న అందులో ఒకతె. గణపతిరావుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎండలకు మడుగు చారెడు నీళ్లయింది. రేపటికి అదీ ఉండదు. నాలుగు రోజుల జ్వరంతోనే ఆయన బురదలో కూర్చుని, చచ్చినవాటినన్నింటినీ చెంచాతో సీసాలోకి ఎత్తాడు. కంపుకు రెండుసార్లు వాంతయింది.

“ఏటి బాబూ, మంచివి వొగ్గేసి కుళ్లు ఏరతన్నావు?” అన్నాడు గాసి.

“ఇయ్యే కావాలంట గాసీ. ఇన్నాళ్లూ నానే పారబోసినాను.”

గాసి పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు. వచ్చి సీసా పట్టుకున్నాడు. “ఒళ్లు కాలిపోతంది. బేగి ఎల్లి తొంగో బాబూ.”

ఆఫీసులో డాక్టరుగారు లేరు, సాయంత్రం వస్తారన్నారు. గణపతిరావు సీసా బల్ల మీద పెట్టాడు. అందులో ఏముందో చీటీ రాయబోతే కళ్లు మూతలు పడ్డాయి. తర్వాత రాద్దామని బెంచీ మీద పడుకున్నాడు. నాలుగింటికి ఊడవడానికి వచ్చిన చిట్టెమ్మ లేపితే లేవలేదు.

శవాన్ని ఇంటికి తీసుకెళ్లాక చిట్టెమ్మ బల్ల తుడుస్తూ సీసా మూత తీసి, ముక్కు మూసుకుంది. “సుబ్బరమైన మడిసి. నలుగురొచ్చి సూస్తే ఏటనుకుంటారు,” అంది. అందులోది తూములో పారబోసి, సీసాను బూడిదతో రుద్ది, మరుగుతున్న నీళ్లతో కడిగింది.

డాక్టరుగారు జీపు దిగేసరికి ఆ సీసా కిటికీలో బోర్లించి ఉంది, ఒక్క మరక లేకుండా.