లిసెబో అడుగులు

పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు మాలిసెబో ఆ చిన్న పాదాల గుర్తుల్ని మాత్రం చెరపదు. పీచ్ పళ్ల చెట్టు దగ్గర మొదలై, గడప దాకా వచ్చి, వెనక్కి తిరిగిపోతాయవి. రోజూ అంతే.

మా లెసోతో కొండల్లో కోడలు కాపురానికి రాగానే అత్త కొత్త పేరు పెడుతుంది. పుట్టబోయే బిడ్డకు ముందే పేరనుకుని, ఆ బిడ్డ తల్లిగా కోడల్ని పిలుస్తుంది. మాలిసెబో అంటే లిసెబో తల్లి. ఆ పేరు పెట్టి చాలా ఏళ్లయింది. లిసెబో పుట్టలేదు. వాకిట్లోకి వచ్చి పోతోంది, అంతే.

"నీ కూతురు నా ఆకుకూర మడి తొక్కేసిందే. కాస్త భయం చెప్పు," అంది పక్కింటావిడ.

"లోపలికొస్తే కదక్కా, చెప్పడానికి!"

మాకు చలికాలం ముగిసే సెప్టెంబరులో పీచ్ చెట్లు పూశాయి. చలి పోయిందనుకుని, కొండమీద మేపుకు వెళ్లిన ఆమె భర్త మొకెటె అందరికంటే ముందే ఉన్ని కోసం పెంచే మేకల బొచ్చు కత్తిరించేశాడు.

"ఆగరా అంటే విన్నాడా? మేకలకి ఉక్కపోస్తోందట!" అని అత్త విసుక్కుంటుండగానే మంచు మొదలైంది. మధ్యాహ్నానికి పూలు కనబడలేదు, కొండా కనబడలేదు.

ఉన్ని తీసిన మేక మంచుకు నిలవదు. మేకల్ని వదిలేసి దిగివచ్చే కాపరి మా దగ్గర లేడు. అత్తాకోడళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు.

మాలిసెబో తలుపు తీసింది. గడప ముందు మంచులో రెండు చిన్న పాదాలు. రోజూ "లోపలికి రామ్మా" అని బతిమాలే మనిషి, ఇవాళ, "లిసెబో, నాన్న కొండమీదున్నాడు. తీసుకురా తల్లీ," అంది.

అడుగులు కొండవైపు తిరిగాయి.

"కాళ్లకి చెప్పులైనా లేవే పిల్లకి," అంది అత్త.

పొద్దు వాలకముందే మొకెటె దిగివచ్చాడు. దుప్పట్లో రెండు మేకపిల్లలు, వెనక సగం మేకలు.

"ఏమీ కనబడలేదు. ముందు చిన్న అడుగులు పడుతూ వచ్చాయి. నేనాగితే అవీ ఆగాయి. మిగతా మేకలు లేవలేదు," అన్నాడు పొయ్యి ముందు వణుకుతూ.

ఆ సాయంత్రమే మంచు ఆగింది. తెల్లారగానే మాలిసెబో చీపురు పట్టుకుని వాకిట్లోకొచ్చింది. మొకెటె బూటుగుర్తుల పక్కనే చిన్న పాదాలు గడప దాకా వచ్చాయి. వెనక్కి వెళ్లినవి ఎక్కడా లేవు. గోడ వెంట చూసింది. చెట్టు కిందా చూసింది.

వెనకే వచ్చిన అత్త కూడా చూసింది. తన దుప్పటి తీసి కోడలి నడుముకు, కడుపు కప్పేలా చుట్టింది.

"రా లోపలికి. పిల్లకి చలేస్తుంది."