డోలు వచ్చేదాకా

ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చి దేవర గుడిసె ముందు ఆగేసరికి మా నాయకపోడు గూడెంలో నేనూ, నా మూడు నెలల సహస్రా, పిల్లలకు మందులివ్వడానికి చర్చి నుంచి వచ్చిన ప్రసూన సిస్టరూ తప్ప ఎవరూ లేరు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం గూడెం రేపు ఖాళీ చెయ్యాలి. అందరూ కొత్త జాగాలో పందిళ్ళు వేయడానికి పోయారు.

"గీ గుడిసె ఇయ్యాల్నే తీసేస్తం. లోపలున్నయి కర్రబొమ్మలే గదా!" అన్నాడు కాంట్రాక్టరు మనిషి వీరేందర్.

అవి మా లక్ష్మీదేవర ముఖాలు. డోలు మోగందే గడప దాటవు.

"నేను తీసి బయట పెట్టనా?" అని అడిగింది సిస్టర్.

"వద్దు సిస్టరమ్మా! పూజారి కొమురెల్లి కాకనే ముట్టాలె."

"సరే, ముట్టను. వెళ్ళి ఆయన్ని పిలుచుకురా. పాపని నాకివ్వు." యంత్రం వైపు తిరిగి, "ఇంజను ఆపు బాబూ, పసిపిల్ల!" అని అరిచింది. డ్రైవరు అంజి ఆపేసి దిగాడు.

నేను సహస్రను ఇంకా దగ్గరికి హత్తుకున్నాను. ఆమె వచ్చినప్పుడల్లా పిల్లను కొంగు కింద దాచేదాన్ని. మా అత్త సారవ్వ మాటలే చెవుల్లో తిరిగేవి: "తెల్లదొర సిపాయిల ఎనకనే పాదిరి వచ్చిండు. దేవుండ్లను కుప్పవోసి కాలవెట్టిండు, పిల్లల పేర్లు మార్చిండు." గుడిసెలోని ఒక దేవర ముఖానికి అప్పుడు కాలిన చెంప ఇప్పటికీ ఉంది.

"పేరు గీరు పెట్టకు సిస్టరమ్మా! దానికి పేరుంది," అంటూ పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను.

"సహస్ర. తెలుసులేమ్మా, పరుగెత్తు!"

కాకను, డోలును బండి మీద ఎక్కించుకుని వచ్చేసరికి ఆమె గడపలోనే కూర్చుని ఉంది. పిల్ల గుంజుతోందని కాబోలు, మెడలో సిలువను వీపు మీదికి వేసుకుంది.

"నీ దేవుడు కాదు గదా సిస్టర్, నీకెందుకు ఫికర్?" అంటున్నాడు వీరేందర్.

"నా దేవుడు కాదు కాబట్టే కూర్చున్నాను. మన దేవుడు కాదనే మావాళ్ళు ఒకసారి కాల్చారు. మళ్ళీ చూస్తూ ఊరుకోమంటావా?"

డోలు మోగింది. సిస్టర్ లేచి దారి ఇచ్చింది. కాలిన చెంప ముఖాన్ని ఎత్తుకుని బయటికి వచ్చిన కాక ఆమె ముందు ఆగాడు.

"శోభా, పిల్లను దేవరకు జూపెట్టు."

సిస్టర్ పిల్లను నాకు అందించబోయింది. నేను చేతులు చాచలేదు.

"నువ్వే జూపెట్టు సిస్టరమ్మా."

ఎత్తినవాళ్ళే పిల్ల పేరు చెప్పాలి. అది మా ఆచారం. కాక ఆ మాట చెప్పాడు.

ఆమె నా బిడ్డను రెండు చేతులా పైకెత్తి, డోలు మోతను మించి పలికింది.

"సహస్ర!"