హెడ్డు బిగించిన రోజు

జూన్ పద్నాలుగో తేదీ, శనివారం ఉదయం. షెడ్డులో ముగ్గురున్నారు: మెకానిక్కు, అతని తమ్ముడి భార్య, పక్క లేత్ షాపు ముసలాయన. ఈ ముసలాయన్ని వీధి వీధంతా రేడియో అని పిలుస్తుంది. ఆయన నోటికి కళ్లెం వేయడం ఎవరి తరమూ కాలేదు. బల్ల మీద ఉన్నది తమ్ముడి బండి. ఇంజను విప్పడం, రింగులు మార్చడం, మళ్లీ కూర్చడం అన్నీ అయ్యాయి. సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డును బిగించడం మాత్రం వారం రోజులుగా అలాగే ఉండిపోయింది.

ఉండిపోవడానికి కారణం ఆ షెడ్డు పద్ధతి. హెడ్డు బోల్టులు ఒకరు బిగిస్తుంటే మరొకరు పక్కన నిలబడి వినాలి. కావలసినంత బిగువు రాగానే టార్క్ పానా టిక్కుమంటుంది. విన్న మనిషి ‘పడింది’ అని, బోల్టు తల మీద పసుపు గీత గీయాలి. ఇద్దరూ కాగితం మీద సంతకాలు చేశాకే బండి గడప దాటుతుంది. ఇన్నేళ్లూ ఆ రెండో మనిషి తమ్ముడే. వేసవి మొదట్లో జ్వరమని ఆస్పత్రిలో చేరాడు. మరి తిరిగి రాలేదు.

మెకానిక్కుకు ఏడుపు రాలేదు. పెట్టింది తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ల బళ్లకు చెయిన్లు వదులై ఉంటే బిగించి పంపాడు.

“సోమవారం నేను డ్యూటీలో చేరాలి బావగారూ,” అంది మరదలు. ఊరూరా తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగం. బండి లేనివాళ్లకు ఇవ్వరు. “ఇవాళ కాదన్నారంటే ఉద్యోగం వద్దన్నట్టే.”

“రెండో మనిషి లేడు కదమ్మా.”

“మరి నేనేమిటయ్యా, గోడకు కొట్టిన మేకునా?” అన్నాడు రేడియో.

“నువ్వు మాట్లాడుతుంటే పిడుగు పడ్డా వినపడదు మామా.”

“సరే, నోరు మూసుకుంటాను. మా ఆవిడ చూసిందంటే పక్షవాతమని అంబులెన్సు పిలుస్తుంది, ఆ ఖర్చు నీదే.”

మరదలు నవ్వలేదు. చున్నీ నడుముకు బిగించి రంగు సీసా అందుకుంది. “నేను వింటాను. మీరు కానివ్వండి.”

అతను కాదనలేదు. కాదనడానికీ కొంత ఓపిక ఉండాలి.

బోల్టులు నాలుగు. మూలకు మూలగా, మూడు విడతల్లో బిగించాలి; ఒక పక్కనే లాగితే హెడ్డు వంగుతుంది. రెండు విడతలు సాఫీగా సాగాయి. చివరి విడతలో మూడో బోల్టు దగ్గర ఆమె మొహమాటంగా, లోగొంతుకతో “పడింది” అంది. పానా ఆగలేదు.

“బావగారూ, పడింది!” ఆమె అతని మణికట్టు పట్టుకుంది. “రెండుసార్లు టిక్కుమంది. వినపడలేదా?”

అతను పానా వైపు చూశాడు. “నేనెప్పుడూ టిక్కు వినలేదమ్మా. వాడు ‘పడింది’ అంటే ఆపేవాణ్ణి, అంతే. ఇప్పుడూ వాడి మాట కోసమే చూస్తున్నాను కాబోలు.”

రేడియో నిజంగానే నోరు మూసుకున్నాడు.

ఇంకొక్క లాగు లాగితే మర తెగేదని మెకానిక్కుకు తెలుసు. తెలిసినా అతని గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది.

“ఆయన మాట రాదు బావగారూ,” అంది ఆమె మెల్లగా. “నాదే ఉంది. విప్పండి, మళ్లీ మొదట్నుంచి బిగిద్దాం.”

అతను నాలుగు బోల్టులూ విప్పాడు. సాగిన బోల్టునూ, హెడ్డు కింద నలిగిన గ్యాస్కెట్టు రేకునూ పక్కన పడేసి కొత్తవి తీశాడు. మరలు తుడిచి, మొదటి మూల నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఆమె మొహమాటపడలేదు.

“పడింది!”

“అమ్మాయీ, వీధి చివర టీ కాచేవాడు కూడా చేయి ఆపేసుంటాడు,” అన్నాడు రేడియో.

ప్రతిసారీ మెకానిక్కు చేయి ఆగింది. చివరి బోల్టు మీద గీత పడ్డాక, అతను చేతులు తుడుచుకుని కాగితం తెచ్చి మొదటి గీత మీద సంతకం చేశాడు. కాసేపు కలాన్ని పట్టుకునే ఉండి, ఆమెకు ఇచ్చాడు. రెండో గీత మీద ఆమె తన పేరు రాసింది. సిరా ఆరాక అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సీటు కింది అరలో ఉంచి, మూత వేశాడు.