జవాబు రాకపోతే వారం ఆగాలి

మా మరిది పోయిన నాలుగు నెలలకు, ఆఫీసు పని మీద, నేను అతనికి ఒక ఉత్తరం రాశాను. ఈ ప్రోగ్రాంను మీరు ఇంకా చూసుకుంటున్నారా, దయచేసి తెలియజేయండి అని అందులో అడిగాను. మతి ఉండే రాశాను. ఎందుకు రాశానో అర్థం కావాలంటే మా ఇద్దరి పనులేమిటో ముందు చెప్పాలి.

నేను పనిచేసే కంపెనీ అమ్మేది ఆపరేటింగ్ సిస్టమ్. ఆస్పత్రులు, బ్యాంకులు, కోర్టులు కొనుక్కుంటాయి. ఒకసారి పెట్టుకుంటే పదేళ్లదాకా కదిలించక్కర్లేదని మేం హామీ ఇస్తాం. అయితే అది మా ఇంట పుట్టింది కాదు. దానికి ముందు ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా చెయ్యి వేసి బాగుచేయవచ్చు. ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు, మా కంపెనీవాళ్లు కొందరు కలిసి దాన్ని నడుపుతారు. అందులో ఆరు నెలలకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. అక్కడ నలుగురి చేతుల్లో నలిగి నిలబడ్డదాన్ని మేం తెచ్చుకుని, గట్టి చేసి, పదేళ్లు కాపాడతాం. మా దగ్గర కొన్నవాళ్లకు కనబడ్డ తప్పుల్ని దిద్ది మళ్లీ అక్కడికే పంపుతాం. వాళ్లు లేకపోతే మాకు సరుకు లేదు. మేం లేకపోతే వాళ్లకు పెద్ద యంత్రాలూ లేవు, రోజంతా కూర్చుని పరీక్షలు చేసేవాళ్లూ లేరు.

మరిది ఆ వాలంటీర్లలో ఒకడు. ఉద్యోగం మాత్రం పార్సిళ్ల గోదాములో, లేబుళ్లు ముద్రించే యంత్రాల మెకానిక్. తొమ్మిదేళ్ల కిందట గోదాములో కంప్యూటర్లన్నిటికీ ఆ ఉచిత సిస్టమ్ పెట్టారు. లేబుల్ ప్రింటర్లు మొరాయించాయి. ఎవరో వచ్చి చూస్తారని మూడు వారాలు ఎదురుచూసి, ఎవరూ రాకపోయేసరికి తనే పుస్తకాలు ముందేసుకుని నేర్చుకుని, ఆ ప్రింటర్లను నడిపే ప్రోగ్రాం రాశాడు. వాలంటీర్లలో అందరూ అతన్ని ‘గోదాం’ అనే పేరుతోనే ఎరుగుదురు. ఆ ప్రోగ్రాం రెండేళ్లకు మా కంపెనీ సిస్టమ్‌లోకి కూడా వచ్చింది. “నేను కని పెంచి పంపించాను వదినా, మీరు పదేళ్లు కాపురం చేయించండి” అనేవాడు. “పుట్టింటివాళ్లం, మాకు జీతాలెలాగూ లేవు, కనీసం మర్యాదలైనా చెయ్యండి” అని నా చేత మరో కప్పు టీ పెట్టించుకునేవాడు.

నలభై ఒక్క ఏళ్లకు పోయాడు. మధ్యాహ్నం భోజనాల వేళ తల బరువుగా ఉందని గోదాము మెట్లమీద కూర్చున్నాడట. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. చెయ్యాల్సినవన్నీ నేనే చేశాను. కాగితాల మీద సంతకాలు పెట్టాను, గోదాములో అతని లాకర్ ఖాళీ చేయించాను, గుర్తింపు కార్డు అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. ఏడవలేదు. గుండె రాయి చేసుకుని నిలబడిందని బంధువులు మెచ్చుకున్నారు. నేనేమీ చేసుకోలేదు. అది దానంతటదే అలా అయి కూర్చుంది.

మేముండేది రెండో అంతస్తులో, మరిదివాళ్లు మొదటి అంతస్తులో. మధ్య పద్దెనిమిది మెట్లు. మా తోడికోడలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. నాకంటే ఆరేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఈ నాలుగు నెలలూ నేను రోజూ కిందికి వెళ్లేదాన్ని, ఏదో ఒక పని పెట్టుకుని. నీళ్ల మోటారు మనిషి వస్తున్నాడని చెప్పడానికో, కూర గిన్నె ఇవ్వడానికో. పనైపోగానే పైకి వచ్చేసేదాన్ని. అతని ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయనైతే సొంత తమ్ముడి పేరే మరిచిపోయినట్టుండేవాడు. ఆఫీసు నుంచి వచ్చి, తిని, గోడకేసి తిరిగి పడుకునేవాడు.

అప్పుడు వచ్చింది ఫిర్యాదు. రక్తపరీక్షల ల్యాబు ఒకటి మా కస్టమరు. ట్యూబుల మీద అంటించే లేబుళ్లు ముద్రిస్తుంటే ప్రతి నలభయ్యో లేబుల్ తరువాత ఒక ఖాళీది వస్తోంది. వరసలో అంటించుకుపోయే చోట ఒకటి తప్పితే వెనకున్నవన్నీ తప్పుతాయి. అక్కడి టెక్నీషియన్ ఒకామె ఖాళీ లేబుల్ చూసి చెయ్యి ఆపింది కాబట్టి సరిపోయింది.

మా మేనేజరును మేం నిదానం అని పిలుచుకుంటాం. నిప్పంటుకున్నా కుర్చీ సర్దుకునే లేస్తాడు. అంతా విని అన్నాడు: “ల్యాబుకు ఇవాళ ఒక అతుకు వేసి పంపండి. కానీ అసలు దిద్దుబాటు అక్కడ పడాలి, కమ్యూనిటీలో. లేకపోతే వచ్చే ఎడిషన్‌తో పాటు ఇదే చిరుగు మళ్లీ మన నెత్తిమీదికొస్తుంది. అక్కడ దీన్ని చూసేదెవరు?”

“ఒకరున్నారు” అన్నాను.

“పలుకుతున్నారా?”

“నాలుగు నెలలుగా పలకడం లేదు.”

“అయితే దానికో పద్ధతుంది కదా, అలా చేయండి.”

పద్ధతి ఉంది. ప్రోగ్రాం చూసుకునే మనిషి పలకకపోతే, పలకమని అందరికీ కనబడేలా ఒక ఉత్తరం రాయాలి. వారం ఆగాలి. మళ్లీ రాయాలి. ఇంకో వారం ఆగాలి. అప్పటికీ జవాబు లేకపోతే పెద్దల కమిటీ ఆ ప్రోగ్రాంను వేరేవాళ్లకు అప్పగిస్తుంది. మనిషి పోయాడని తెలిస్తే ఇదంతా అక్కర్లేదు. ఆ ఒక్క మాట కమిటీకి రాస్తే చాలు.

ఆ మాట రాయడానికి కూర్చున్నాను. ‘గోదాం గారు’ అని రాసి ఆగిపోయాను. తరువాతి మాట చేతికి రాలేదు. దుఃఖం వచ్చి కాదు, ఏమీ రాలేదు. పద్ధతి పేజీలో ఉత్తరం నమూనా ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు దించి, కింద నా పేరు పెట్టి పంపించాను. వారం తరువాత రెండోది పంపించాను. అదే నమూనా, రెండో విన్నపం అని మాత్రం పైన చేర్చాను. నాకది తప్పనిపించలేదు. ఒప్పనీ అనిపించలేదు. ఆ రోజు చేయాల్సిన పనుల్లో అది నాలుగోది.

రెండో ఉత్తరం వెళ్లిన సాయంత్రం తోడికోడలు మెట్లెక్కి వచ్చింది. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఆమె చేతిలో మరిది ఫోన్ ఉంది. దాన్ని ఆమె ఇన్నాళ్లూ చార్జింగులో పెట్టి ఉంచుతోందని నాకు తెలియదు. ఫోన్ నా ముందు గట్టుమీద పెట్టి, ఎదుటి స్టూలు మీద కూర్చుంది.

“పోయినవారం ఒకటొచ్చింది. నీ పేరు చూసి, మిషను పంపించిందేమో అనుకున్నా” అంది. “ఇవాళ ఇంకోటొచ్చింది.”

నేను చిక్కుడుకాయ పక్కన పెట్టాను.

“ఆయన ఎక్కడున్నారో నీకు తెలీదా అక్కా?”

“తెలుసు.”

“మరి, ఇంకా చూసుకుంటున్నారా అని అడిగావు.”

“అది నమూనా ఉత్తరం. అలాగే రాయాలి.”

“పోయారని ఒక్క ముక్క రాస్తే అయిపోయేదిగా.”

“రాయలేకపోయాను.”

ఆమె ఫోన్ పక్కకు జరిపింది. “సరే, రాయలేకపోయావు. మెట్లు దిగి నాతో చెప్పలేకపోయావా? రోజూ దిగుతూనే ఉన్నావుగా, గిన్నెలు పట్టుకుని.”

తిట్టినా బాగుండేది. లెన్సు మీద గీత ఎక్కడుందో చూపించినట్టు చెప్పింది. పళ్లెంలో సగం కాయలు మిగిలి ఉంటే తీసి తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అయ్యాక చేతులు కడుక్కుని, “జవాబు నేను రాస్తా, ఎక్కడ నొక్కాలో చెప్పు” అంది.

నేను చెప్పాను. ఆమె రాసింది: ‘నేను ఆయన భార్యను. ఆయన నాలుగు నెలల కిందట చనిపోయారు. మీ పని ఆగిపోయినందుకు క్షమించండి. ఎవరైనా తీసుకోండి.’

“క్షమించండి ఎందుకే” అన్నాను.

“వాళ్లు ఎదురుచూశారుగా” అంది, పంపించేసింది.

మర్నాటికి ముప్పై రెండు జవాబులున్నాయి. అన్నిట్లోకి ముందుగా రాసింది ‘పాతసామాను’ అనే మారుపేరున్న ఒక పెద్దాయన, రిటైరైన లిఫ్టు మెకానిక్. పాత ప్రింటర్లు ఏరుకొచ్చి బాగుచేయడం ఆయన వ్యాపకం. ‘అమ్మా, మా ఇంట్లో ఏడు ప్రింటర్లు మీ ఆయన పుణ్యాన తిరుగుతున్నాయి. మా ఆవిడ వాటిని పారేయమని గోల పెడుతుంటే, గోదాం గారు బతికించినవి నేను చంపలేనని చెబుతున్నాను’ అని రాశాడు. ఆఫీసులో నిదానం ఆ జవాబులన్నీ చదివి నా బల్ల దగ్గరికి వచ్చాడు. గోదాం నా మరిదని నేను అప్పుడే చెప్పాను, అప్పటిదాకా ఆయనకు తెలియదు. నా కుర్చీ వీపుమీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

కమిటీ ప్రోగ్రాంను ఇద్దరికి అప్పగించింది. కంపెనీ మనిషిగా నాకు, వాలంటీరుగా పాతసామానుకు. ఒక్క కంపెనీ చేతిలోనే ఉండకూడదని వాళ్ల నియమం. నాకు లోపల కొంచెం చిన్నతనంగానే అనిపించింది. పదిహేనేళ్ల అనుభవం నాది, లిఫ్టు మెకానిక్ నా పని సరిచూడటమేమిటి అని.

దిద్దుబాటు నేనే రాశాను. తప్పు చిన్నదే. లేబుల్‌కూ లేబుల్‌కూ మధ్య సందు ఉంటుంది. ప్రోగ్రాం ఆ సందును చూసుకోకుండా కాగితం పొడవు లెక్కగట్టుకుంటూ పోతోంది. ల్యాబు కొత్తగా తెప్పించిన లేబుల్ చుట్టల్లో సందు వెంట్రుకవాసి తక్కువ. ఆ తేడా కూడుకుంటూ కూడుకుంటూ నలభయ్యో దాని తరువాత ఒక లేబుల్‌ను ఖాళీగా వదిలేస్తోంది. ప్రింటర్‌లో సందును పసిగట్టే చిన్న దీపం ఉంటుంది. లెక్క తీసేసి, ప్రతిసారీ ఆ దీపాన్నే నమ్మేలా మార్చాను. మా యంత్రాల మీద అన్ని పరీక్షలూ నెగ్గింది.

రెండు రోజులకు పాతసామాను రాశాడు: ‘ఏడింట్లో ఐదు బాగున్నాయి. రెండు మాత్రం ఆగకుండా చుట్టంతా కక్కేశాయి. హాలంతా కాగితమే. ఆ రెండింటికీ దీపం లేదు తల్లీ. గోదాం గారి నోటు చూడలేదా?’

చూశాను. ప్రోగ్రాంలో నేను మార్చిన వరస పైనే మరిది రాసిపెట్టాడు: ‘కళ్లు లేనివి కూడా ఉన్నాయి, చెయ్యి పెట్టేముందు వాటిని అడగండి.’ అతని వేళాకోళాల్లో అదొకటనుకుని దాటేశాను. దీపం లేని ప్రింటర్ల గురించట. అనుమానమొచ్చి మా కస్టమర్ల పట్టిక తీయించాను. ఒక కోర్టు రికార్డుల ఆఫీసులో అలాంటివి మూడు వందలున్నాయి. నా దిద్దుబాటు అలాగే వెళ్లుంటే మూడు వందల ప్రింటర్ల కింద నేలంతా కాగితమయ్యేది.

ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. దీపం ఉన్నవాటికి దీపం, లేనివాటికి లెక్క. కానీ ఆ లెక్కలో వెంట్రుకవాసి ఎంతో తేలాలంటే వేలకొద్దీ లేబుళ్లు కొలవాలి. అది ఏ వాలంటీరు తరమూ కాదు. ల్యాబువాళ్లను అడిగితే పేషెంట్ల పేర్లు తీసేసి, నలభై వేల లేబుళ్ల కొలతలు పంపించారు. అవి నేను అందరికీ కనబడేలా పెట్టాను. పాతసామాను వాటి సాయంతో సరైన సంఖ్య తేల్చాడు. ఈసారి ఏడూ నిలబడ్డాయి. కమ్యూనిటీలో నెలలోపే బయటికి వెళ్లింది, మా సిస్టమ్‌లోకి మరో ఆరు వారాలకు. ల్యాబు నుంచి ‘సరిపోయింది’ అని ఒక్క మాట వచ్చింది. ఫిర్యాదు మూసేశాను. సంతోషమేస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. వెయ్యలేదు. తరువాతి ఫిర్యాదు తెరిచాను.

ఆ శనివారం మధ్యాహ్నం పాతసామాను ఫోన్ చేశాడు. నాతో పని లేదట, గోదాం గారి భార్యతో మాట్లాడాలట. కిందికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె స్పీకరు నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆయన గంటసేపు మాట్లాడాడు. రబ్బరు రోలర్లు సబ్బుతో కడగాలా స్పిరిటుతో తుడవాలా అని ఇద్దరూ ఏడాదిన్నర పోట్లాడుకున్నారట. ఒకసారి మరిది అలిగి పదిరోజులు ఉత్తరం రాయలేదట. పదకొండో రోజు ‘సబ్బే, కానీ మీరు చెప్పినందుకు కాదు’ అని రాశాడట. తోడికోడలు ఒకటి రెండు చోట్ల ఊఁ కొట్టింది.

ఫోన్ పెట్టేశాక, “మా ఆయనకి ఇన్ని మాటలొచ్చా? నాతో అన్నం పెట్టు, నీళ్లివ్వు తప్ప అనేవారు కాదు” అంది. నవ్విందో ఏమో, ముక్కు ఎగబీల్చి లేచి కిటికీ తీసింది. నేను ఆ రోజు వెంటనే పైకి రాలేదు. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతుంటే రెండో కొస పట్టుకున్నాను.

పైకి వచ్చేసరికి మా ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కింది నుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయట.

“ఎవరు?” అన్నాడు.

“మీ తమ్ముడి స్నేహితుడు.”

“వాడి గురించేనా?”

“ఊఁ.”

చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. “నన్ను కూడా పిలవాల్సింది” అన్నాడు.