పాత పెట్టె పెడదామా, కొత్త పెట్టె కొందామా

ఎనభై ఏడులో నరసరావుపేట కోర్టు వీధిలో జనం పొద్దస్తమానం బెంచీల మీద కూర్చునే చోట్లు రెండే. ఒకటి కోర్టు వరండా, రెండోది సాబిరా టీవీ గేమ్స్ కొట్టు. అక్కడ పిలుపు కోసం, ఇక్కడ గెలుపు కోసం. దొరికేది మాత్రం రెండు చోట్లా వాయిదాయే. ఎందుకంటే సాబిరా దగ్గరున్న గేము పెట్టె ఓ గంట ఆడేసరికి టీవీ మీద చారలు తెప్పించి, కుయ్యిమని మూలిగి, ఆగిపోయేది.

"మళ్లీ పోయిందా!" అని ఆ రోజు కూడా అరిచాడు గోపాలరావు. రొంపిచర్లలో పొలం గట్టు తగాదా పెట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుకు తిరుగుతున్న రైతు ఆయన. కేసు నడిచినా నడవకపోయినా, ఆయన విమానం మాత్రం రోజూ ఎగరాలి. "ఇంకో నాలుగు విమానాలు కూలిస్తే గెలిచేవాణ్ణి గదమ్మాయ్! ఇది వీడియో గేమా? కాదు, వీడి యోగం!"

"దానికి అలుపొచ్చింది బాబాయ్. కాసేపు ఆగు, అదే లేస్తది," అంది సాబిరా.

"జాయ్‌స్టిక్కంట జాయ్‌స్టిక్కు! జాయ్ ఎప్పుడో పోయింది, నా చేతిలో స్టిక్కే మిగిలింది."

సాబిరా మొగుడు ఉస్మాన్ రేడియో మెకానిక్. స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని పక్క కొట్టులోంచి పరుగెత్తుకొచ్చాడు. అతని సిద్ధాంతం ఒక్కటే: చెడిపోయింది ఏదైనా సరే, బాగుచేస్తే బాగుంటుంది. రిపేరులోనే పేరు ఉందని నమ్మినవాడు.

"నీ పేరు తగలెయ్య! ఎన్నిసార్లు విప్పుతావయ్యా దాన్ని?" అంది సాబిరా. "తిరునాళ్ల మీదికొస్తంది. కొత్తది తెప్పిద్దాం."

ఆమె తొందరకు కారణం ఉంది. కోటప్పకొండ తిరునాళ్లలో ఆ ఏడు రంగులరాట్నం పక్కనే ఆమెకు జాగా దొరికింది. ఆ జాగా కోసం గాజుల కొట్లవాళ్లు, బొమ్మల కొట్లవాళ్లు కళ్లలో వత్తులేసుకుని చూస్తున్నారు. జాగాలు పంచే కంట్రాక్టరు ముందే చెప్పాడు: "ఆడే ఆట పెట్టు తల్లీ, ఆగే ఆట పెట్టమాక. జనంలో ఒక్కసారి ఆగిందా, వచ్చే ఏడు ఆ జాగా నీది కాదు."

"పాతది బంగారం. ఇంకో సీసం టాకా ఏస్తే పదేళ్లు ఆడిద్ది," అన్నాడు ఉస్మాన్.

"టాకాలెయ్యడం నాకూ వచ్చు," అని సాబిరా తేల్చేసింది. నిజమే, ఆమె కుట్టుపని చేస్తుంది. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో ఇంట్లో ప్రతిదానికీ తొడుగు కుట్టింది. టీవీకి తొడుగు, రేడియోకి తొడుగు, మిక్సీకి కుచ్చుల తొడుగు. ఆ ఇంట్లో బట్ట కప్పనిది ఉస్మాన్ బట్టతల ఒక్కటే. గేము పెట్టెకు వీధి చివరి దూది మిల్లు దుమ్ము తగలకూడదని పూల తొడుగు కుట్టి, వైర్లకు మాత్రం కంతలు పెట్టి, ఆడేటప్పుడు కూడా తీయకుండా కాపాడుకొచ్చింది.

మిరపకాయల లోడుతో మద్రాసు వెళ్లే లారీ డ్రైవరు యల్లమంద వచ్చేటప్పుడు కొత్త పెట్టె తెచ్చాడు. ఖాళీ మిరపకాయ గోతాల మధ్య కూర్చుని వచ్చిందేమో, అట్టపెట్టె విప్పగానే వీధి వీధంతా తుమ్మింది.

"వారంటీ ఎంతన్నాడ్రా షాపోడు?" ముక్కు తుడుచుకుంటూ అడిగాడు ఉస్మాన్.

"వారం అన్నాడు. ఆ తర్వాత అంటీ ముట్టనట్టు ఉంటాడంట."

సాబిరా ఆ పూటే కొత్త పెట్టెకు మఖ్మల్ తొడుగు కుట్టింది, అంచుకు జరీ లేసు. పాతదాని పూల తొడుగు ఉతికి ఆరేసి, పాతదాన్ని ఒంటి మీద నూలుపోగు లేకుండా వంటింటి అరుగు మీద పడేసింది.

తిరునాళ్లకు ముందు రోజు, సరిచూడ్డానికి గోపాలరావును కూర్చోబెట్టారు. బెంచీ మీద జనం మెడలు చాచి చూస్తున్నారు. విమానాలు కూలుతున్నాయి, గోపాలరావు గొంతు లేస్తోంది. గంట అయిందో లేదో, టీవీ మీద చారలొచ్చాయి. కుయ్యి. చీకటి.

"ఇదీ ఆ జాతిదే!" అన్నాడు గోపాలరావు.

ఉస్మాన్ నోటిదాకా వచ్చిన "నే చెప్పలా" అనే మాట సాబిరా మొహం చూసి గొంతులోనే చచ్చిపోయింది. ఆమె నేల మీద కూలబడింది. "తెల్లారితే తిరునాళ్లయ్యా. పాతదీ ఆగుద్ది, కొత్తదీ ఆగుద్ది. ఇంక నా జాగా గాజులోళ్లదే."

"నేనిప్పుడే విప్పి చూస్తా, నువ్వు ఏడవమాక," అని ఉస్మాన్ స్క్రూడ్రైవరు తీశాడు.

అంతలో కొట్టు వెనక ఇంట్లోంచి ధన్, ధన్ మని చప్పుడు. దాని వెనకే మాడు వాసన. అందరూ వంటింట్లోకి పరుగెత్తారు. సాబిరా అత్త ముంతాజ్ ఇంట్లోని చిన్న టీవీకి పాత పెట్టె తగిలించుకుని, కళ్లజోడు ముక్కు చివరకు జార్చి, టాంకుల్ని పేలుస్తోంది. పొయ్యి మీద కోడికూర దానంతటదే పేలుతోంది.

"ఎప్పట్నుంచి ఆడతన్నావు అత్తా?"

"కోడిని కోసినప్పట్నుంచి. అడ్డం లేవే, టాంకు కనబడట్లా!"

"ఒక్కసారన్నా ఆగలేదా?"

"ఆగితే కూర చూసుకునేదాన్ని గదే!"

"చూశావా నా టాకా!" అని ఉస్మాన్ ఛాతీ పొంగించాడు.

సాబిరా పాత పెట్టె మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. కొట్లోకి వెళ్లి మఖ్మల్ తొడుగు కిందికి చెయ్యి దూర్చింది, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. పెట్టె పొదిగే పెట్టలా కాగిపోతోంది. తొడుగు ఒక్క గుంజు గుంజింది. పెట్టె మీద, పక్కల, సన్నటి చీలికలు. లోపలి వేడి పోవడానికి పెట్టిన దారులన్నీ ఇన్నాళ్లూ తన కుట్టుపనితోనే మూసేసింది.

"ఓరి దేవుడో!" అన్నాడు గోపాలరావు. "ఊపిరాడకుండా కప్పెట్టి ఆడమంటే ఎట్టా ఆడుద్దమ్మాయ్?"

సాబిరాకు ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వింది. తొడుగు లేని కొత్త పెట్టె ఈసారి గోపాలరావు గెలిచి, ఓడి, అలిసి, ఆయనే చాలన్నదాకా ఆడింది.

"అయితే కొత్తది యల్లమందకి తిరిగిచ్చేద్దాం," అన్నాడు ఉస్మాన్ హుషారుగా. "పాతది పోయిందనే గదా కొన్నాం? అది పోలేదు గదా!"

సాబిరా బెంచీ వైపు చూసింది. వంతు కోసం కూర్చున్నవాళ్లలో ఇద్దరు విసుగెత్తి చెప్పులు వేసుకుంటున్నారు.

"పాతది పోయినప్పుడు కాదయ్యా కొత్తది కొనాల్సింది. వచ్చినోళ్లు లేచి పోతన్నప్పుడు. అటు చూడు."

ఉస్మాన్ చూశాడు. చెవి మీద స్క్రూడ్రైవరు సర్దుకున్నాడు. "అయితే రెండూ తీసుకుపోదామా?"

"రెండూ. గుడ్డముక్క లేకుండా."

తిరునాళ్లలో వెదురు కట్టిన ఎత్తైన ప్రభలు ఒకదాన్ని మించి ఒకటి నిలబడ్డాయి. వాటి నీడలో సాబిరా కొట్టు ముందు రెండు వరసలు. పొద్దున మొదలైన పెట్టెలు మధ్యాహ్నం ఎండలోనూ ఆగలేదు. ఒకదాని ముందు పల్నాడు పల్నాడంతా వంతులవారీగా కూర్చుంటోంది. రెండోదాని ముందు మాత్రం మార్పు లేదు.

సాయంత్రం కంట్రాక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా ఇది? నీ వరస పోయి రాట్నానికి అడ్డం పడింది. ఎక్కేవాళ్లకి దారి లేదు. వచ్చే ఏడు ఇంకాస్త ఎడల్పు జాగా తీసుకో, నేనే ఇప్పిస్తా."

"ఎడల్పు చాలదు అన్నా," అంది సాబిరా, టాంకుల ముందు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న ముంతాజ్‌ను చూపిస్తూ. "మా అత్తకి ఇంకోచోట జాగా ఇప్పించు. పొద్దుట్నుంచి కుర్చీ దిగట్లా!"