ఊదు పొగ మింగే మిషను

గాలిని శుభ్రం చేసే మిషను కొనడానికి ప్రొద్దుటూరు పోయినప్పుడు నా సంచిలో బొగ్గులు, ఊదు, మట్టి ధూపదాని ఉన్నాయి. మిషను కొనేవాడు ఇవన్నీ మోసుకుపోతాడా అని మీరు నవ్వొచ్చు. మా ఇంట్లో ఉండుంటే మీరూ మోసేవాళ్లే.

జమ్మలమడుగులో మాది రోడ్డు పక్క ఇల్లు. ముందు నా పంక్చర్ల అంగడి, వెనక మా కాపురం. సిమెంటు లారీ పోయినప్పుడల్లా మంచం మీద బూడిద పొర పడుతుంది. నా భార్య సకీనాకు ఉబ్బసం. దానికి తోడు ప్రతి గురువారం సాయంత్రం మా అమ్మ ఖాతూన్‌బీ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, చనిపోయిన మా నాన్న పేరున ఫాతెహా చదివి, ఇల్లంతా ఆ పొగ పట్టిస్తుంది. దాన్నే మేము ఊదు అంటాం. ఆ పొగకు సకీనా దగ్గితే అమ్మ నాటకం అంటుంది.

దుమ్మూ వద్దు, పొగా వద్దు అన్నాడు డాక్టరు. దుమ్ము నా చేతిలో లేదు. పొగ మాట అమ్మతో చెప్పే ధైర్యం నాకు లేదు. అంతకు ముందు గురువారం సకీనా ఊపిరాడక పెరట్లో పడిపోయింది. పులివెందుల నుంచి ఆమె తమ్ముడు హుమాయున్ వచ్చాడు.

"దూలాభాయ్, వచ్చే గురువారానికి ఏదో ఒకటి తేల్చు. ల్యాకుంటే అక్కను నేను తీసకపోతా. మళ్లీ పంపేది ల్యా."

అమ్మ పొగ ఆగకూడదు, భార్య ఇల్లు వదలకూడదు. ఆ రెండు ఆశలూ మిషను మీద పెట్టి, ఆ గురువారం పొద్దునే అందర్నీ హుమాయున్ కారులో ప్రొద్దుటూరు మిషన్ల అంగడికి తీసుకుపోయాను.

అంగడి పిల్లోడు వివేక్ చిన్నవీ పెద్దవీ వరసగా చూపించాడు. "మామా, ఈ నంబరు పచ్చగుంటే మంచి గాలి. ఎర్రగైతే చెడ్డది."

"ఊదు పొగ మింగుతాదా?"

"ఏ పొగైనా మింగుతాది."

"మింగించి చూపీ."

నేను సంచి విప్పేసరికి వాడి నవ్వు పోయింది. "ఏంది మామా, మా నాయన చూసినాడంటే నన్ను ఆ నిప్పుల్లోనే ఏస్తాడు!"

అన్నిటికన్నా పెద్దదే కొంటానని ఆశ పెట్టి, దాన్ని వాడి చేతే మోయించి, వెనక గోడౌను గదిలోకి నడిపించాను. సకీనాను బయట ఉండమన్నాను.

"లోపలుంటేనే గదా తెల్సేది. ఇంట్లో అయితే యాడికి పోవాల నేను?" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది.

నేను ధూపదానిలో బొగ్గులు రాజేశాను. వివేక్ తలుపు మూశాడు. అమ్మ తన చేత్తోనే ఊదు వేసింది. చిటికెడు వేస్తే చాలు. గుప్పెడు వేసింది. నంబరు ఎర్రబడింది, మిషను హోరెత్తింది. మేమందరం ఆ నంబరునే చూస్తూ నిలబడ్డాం.

"దిగుతాండాది మామా! చూస్తాండావా?"

నంబరు పచ్చబడింది. అమ్మ "అల్‌హమ్దులిల్లా" అంది. అప్పుడు వినపడింది, సకీనా గొంతులో ఈల. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు నల్లబడ్డాయి. నంబరు మాత్రం పచ్చగానే ఉంది.

"పొగైతే పోయింది మామా... ఆ ఘాటు వాసన అంతా పోదేమో," అన్నాడు వివేక్ భయంగా.

హుమాయున్ తలుపు తన్ని, అక్కను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. ఇన్‌హేలర్ రెండు మూడుసార్లు పీలిస్తే గానీ ఆమెకు ఊపిరి అందలేదు. అమ్మ అన్నీ చూసింది, ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఏమైనా కరుగుతుందేమో అనుకున్నాను.

"ఇంకా పెద్దది చూపీ నాయనా," అంది వివేక్‌తో.

సకీనాకు తాపిన నీళ్ల సీసా నా చేతిలోనే ఉంది, గదిలోకి పోయి నిప్పుల మీద కుమ్మరించాను. గది నిండా ఆవిరి లేచింది.

"మీ నాయనకు ఊదు ఎవరేస్తార్రా ఇంగ?"

"ఫాతెహా చదువుదాం మా. పొగ ల్యాకుండా చదువుదాం."

"పెండ్లాం మాట ఇనేటోడా," అని కొంగు మొహానికి కప్పుకుంది.

బయట హుమాయున్ కారు స్టార్టు చేసి ఉన్నాడు. సకీనా వెనక సీట్లో ఆనుకుని ఉంది. ఆమెకు వినపడేటట్టు వివేక్‌ను అడిగాను. "ఉత్త దుమ్ముకైతే ఏది చాలు?"

"చిన్నది చాలు మామా."

"అదే కట్టు."

"మాటలు శానా విన్నాంలే దూలాభాయ్," అన్నాడు హుమాయున్.

సకీనా తమ్ముడి చేయి పట్టి ఆపి, నాతో అంది. "ఈ పొద్దు గురువారమే గదా. గడవనీ. ఎట్ల గడిచిందో నాకు అబద్ధం చెప్పకుండా చెప్పు. అప్పుడొస్తా."

కారు పులివెందుల దారి పట్టింది. ఆటోలో అమ్మకూ నాకూ మధ్య మిషను పెట్టె. జమ్మలమడుగు వచ్చేదాకా అమ్మ నా వైపు తిరగలేదు.

సాయంత్రం నమాజు అయ్యాక అమ్మ తన గది తలుపు వేసుకుంది. ఆమె దగ్గర ఇంకో ధూపదాని ఉందని నాకు తెలుసు. తలుపు సందుకు ముక్కు ఆనించి వాసన చూశాను. మళ్లీ చూశాను. పొగ లేదు. లోపల అమ్మ గొంతు మాత్రం, ఎప్పటికన్నా గట్టిగా, నాకు వినపడాలనే చదువుతోంది.