గుమ్మడికాయ ఇల్లవునా, కాదా?

మా కెంటకీ కొండల్లో వర్జిల్ పండించిన గుమ్మడికాయ ఎంతదంటే, దాని నీడన రెండు ఆవులు పడుకునేవి. నమ్మకపోతే ఆవుల్నే అడగండి. గురక భరించలేక పెళ్లాం మేబెల్ తరిమేస్తే, వాడు ఆ కాయను తొలిచి, తలుపు బిగించి, మంచం వేసుకుని అందులోనే మకాం పెట్టాడు.

పడుకున్నవాడు ఊరుకున్నాడా? మందు నిషేధమున్న కౌంటీలో అక్కడే సారా కాచాడు. వాసన పట్టిన పోలీసు డెల్మర్ కాయ మీద టక్ టక్ కొట్టి, వారంటు లేకుండానే చొరబడి బట్టీతో సహా పట్టేశాడు. కింది కోర్టు రెండేళ్లు జైలంది.

"వారంటు లేకుండా ఇంట్లోకి రాకూడదని రాజ్యాంగంలోనే ఉంది. అది నా ఇల్లు!" అంటూ వర్జిల్ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు.

ఆ కోర్టు అప్పుడప్పుడూ పిల్లలకు విచారణ చూపించడానికి బడుల్లో కొలువు తీరుతుంది. ఈసారి మా హైస్కూలు వంతు. ఏడుగురు జడ్జీలు ఆటల హాల్లో బాస్కెట్‌బాల్ బుట్ట కింద, జనం చుట్టూ మెట్ల మీద కూర్చున్నారు. ఇల్లని తేలితే వర్జిల్ బయట, కాయని తేలితే జైలు లోపల.

"అది పొలంలో కాయ, యువర్ ఆనర్. పొలానికి వారంటు అక్కర్లేదు," అన్నాడు సర్కారు లాయరు.

పెద్ద జడ్జి థార్న్ కళ్లజోడు దించింది. "మరి మీ పోలీసు కాయ మీద ఎందుకు కొట్టినట్టు?"

"పండిందో లేదో చూడటానికమ్మా."

అక్కడ లాయర్లు తప్ప ఎవరూ నోరు మెదపకూడదు. అయినా మెట్ల మీది డెల్మర్ ఆగలేకపోయాడు. "ఎలా కొట్టానో చూపిస్తానుండండి!" అని ఉరికొచ్చి, జడ్జీల బల్ల ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు. బూట్లు నేలకేసి తుడిచాడు. టక్ టక్ కొట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.



"నాయనా, ఆ బూట్లెందుకు తుడిచావు?" అంది థార్న్.

"తుడవకుండా ఎవరింట్లోకైనా వెళ్తే మా అమ్మ చంపుతుందమ్మా!"

గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. మా పోలీసు బూట్లు తుడుచుకున్నాడు. బడి పైకప్పు నవ్వులకు జానెడు లేచింది, ఇంకా సరిగ్గా కూర్చోలేదు.

ఏడుగురూ ఒకే మాట చెప్పారు: ఇల్లే.

వర్జిల్ గంతులేసుకుంటూ వచ్చేసరికి కాయ గుమ్మంలో మేబెల్, చేతిలో చీపురు.

"నువ్విక్కడేంటే?"

"ఇల్లన్నారుగా కోర్టువారు! మరి ఇల్లాలు లేని ఇల్లేంటి? బట్టీ గిట్టీ పెట్టావో, నాకు వారంటు కూడా అక్కర్లేదు!"

వర్జిల్ ఆ చీపురు వంక చూశాడు. చప్పుడు చేయకుండా బూట్లు తుడుచుకుని లోపలికెళ్లాడు.